కంపైలరుకు ఏమని చెప్పాలి?

పిల్లలూ! మీ పిన్ని ఫోనులో సున్నుండలు చేసే పద్ధతి చెప్పిందనుకోండి. "మినప్పప్పు దోరగా వేయించి, మిక్సీలో వేసి పొడి కొట్టండి" అంది. మీ అమ్మమ్మ ఇంట్లో మిక్సీ లేదు, తిరగలి ఉంది. అమ్మమ్మ ఏం చేస్తుంది? "మిక్సీ లేకపోతే ఏం, తిరగలి లేదూ!" అని కొంగు బిగించి కూర్చుంటుంది. సాయంత్రానికి సున్నుండలు తయారు.

ఇదే పద్ధతిని ఒక కంప్యూటరుకు ఇచ్చారనుకోండి. "మిక్సీ" అనే మాట దగ్గరికి వచ్చేసరికి అది ఆగిపోతుంది. మిక్సీకి బదులు తిరగలి వాడవచ్చునన్న ఊహ దానికి లేదు. తెలియని మాట ఎదురైతే పని అక్కడితో సరి. ఈ సంగతి పాఠంలో చెప్పేవాణ్ణే అయినా, నేనూ ఒకసారి పప్పులో కాలు వేశాను. ఆ కథే ఇప్పుడు చెబుతాను.

ఫిబ్రవరి 28 జాతీయ సైన్సు దినోత్సవం గదా. ఆ రోజున మా బడి కంప్యూటరు గదిలో వచ్చినవారికి చూపించటానికి పిల్లలు ఒక ప్రోగ్రాం ఎన్నుకున్నారు. దాని పేరు గ్నూ యూనిట్స్. ప్రమాణాలు మార్చి చెబుతుంది. గంటకు 36 కిలోమీటర్లు అంటే సెకనుకు ఎన్ని మీటర్లు అని అడిగితే 10 అంటుంది. భౌతికశాస్త్రం లెక్కలు చేసేవారికి మంచి స్నేహితుడు. దాన్ని తయారుగా ఉన్న రూపంలో తెచ్చుకోవచ్చు. కాని వంట ఎలా అవుతుందో పిల్లలు చూడాలని నాకు కోరిక. అందుకని సోర్సు ప్యాకేజీ తెచ్చి, మేమే కంపైలు చేద్దామన్నాను.

సోర్సు అంటే ఏమిటో తెలుసా? మనిషి చదవగలిగేట్టు రాసిన ప్రోగ్రాం. యూనిట్స్‌ను సీ భాషలో రాశారు. ఆ భాషను డెనిస్ రిచీ 1970ల తొలి రోజుల్లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో రూపొందించాడు. కాని ప్రాసెసరుకు సీ భాష రాదు. దానికి తెలిసినవి తనలో చెక్కిన కొన్ని ఆదేశాలు మాత్రమే: ఈ రెండు సంఖ్యలు కలుపు, ఇది అక్కడ పెట్టు, ఇది సున్నా అయితే అటు వెళ్ళు, ఇలాంటివి. సీ భాషలోని ప్రోగ్రాంను ఈ ఆదేశాలుగా మార్చి రాసేదే కంపైలరు. మేము వాడినది జీసీసీ. దాని మొదటి కూర్పు 1987లో వెలువడింది.

మార్చి రాసేటప్పుడు కంపైలరుకు ఎన్నో దారులు కనబడతాయి. ఒకే మాటను పదిరకాలుగా రాయవచ్చు. ఏ దారిన రాయాలో చెప్పటానికే కంపైల్ ఆప్షన్లు ఉన్నాయి. చెప్పకపోతే తనకు తోచినట్టు రాస్తుంది. చెబితే చెప్పినట్టే రాస్తుంది, చెప్పింది తప్పయినా సరే!

గదిలో మొత్తం పది కంప్యూటర్లు. నాలుగు కొత్తవి. ఆరు పాతవి, ఒక దాత ఇచ్చినవి. వాటిలో 2008 నాటి కోర్ 2 డ్యువో ప్రాసెసర్లు. అన్నింటిలోనూ ఒకే లినక్స్ కూర్పు పెట్టాము. పని త్వరగా కావాలని కొత్తదానిలో కూర్చుని కంపైలు చేశాను. కమాండు ముందు "కాన్ఫిగర్", తరువాత "మేక్". ఆప్షన్లుగా హైఫను ఓ 3, హైఫను మార్చ్ ఈక్వల్ టు నేటివ్ అని ఇచ్చాను. (ఇవన్నీ మీరు కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి. "ఓ" అన్నది అక్షరం, సున్నా కాదు. ఈ పొరపాటు ఏటా నలుగురైదుగురు చేస్తారు.)

ఎందుకు ఇచ్చాను? ఎక్కడో చదివాను, వేగం వస్తుందని. అంతకన్నా గొప్ప కారణం లేదు.

కొత్త కంప్యూటర్లో ప్రోగ్రాం చక్కగా నడిచింది. పెన్‌డ్రైవులో ఎక్కించి మిగిలిన తొమ్మిదింటిలో పెట్టాము. మూడింటిలో బాగానే ఉంది. నాలుగో దానిలో ప్రోగ్రాం పేరు కొట్టి ఎంటర్ నొక్కగానే ఒకే ఒక్క వరుస పడింది: "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్". అంతే. అయిదో దానిలోనూ అదే. అప్పటికి 27వ తేదీ మధ్యాహ్నం మూడు దాటింది.

ఇల్లీగల్ అన్న మాట చూసి ఒక కుర్రవాడు, "సార్, మనం ఏదన్నా చట్టవిరుద్ధమైన పని చేశామా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. వైరస్ అన్నారు ఒకరు. పెన్‌డ్రైవు పాడయిందన్నారు మరొకరు. మరొక పెన్‌డ్రైవుతో ఎక్కించి చూశాము, తేడా లేదు. అప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె గది అంతా తిరిగి వచ్చి, "సార్, ఆరు పాతవాటిలోనే రావటం లేదు. కొత్తవి నాలుగూ నడుస్తున్నాయి" అంది. ఆ ఒక్కమాటతో కట్టు విడిపోయింది. ఊహలు చెప్పినవాళ్ళం అందరమూ కుర్చీల్లో కూర్చునే చెప్పాము. తిరిగి చూసింది ఆమె ఒక్కతే.

కొత్త మాట, పాత చెవి

"మార్చ్" అంటే మార్చి నెల కాదు. మన తెలుగు "మార్చు" కూడా కాదు. మొదటి అక్షరం "ఎం" మెషీనుకు గుర్తు. మిగిలిన "ఆర్చ్" అన్నది ఆర్కిటెక్చరుకు పొట్టిపేరు. అంటే ఏ రకం ప్రాసెసరు కోసం రాయాలి అని. "నేటివ్" అంటే ఇక్కడిదే, నీవు ఇప్పుడు ఏ యంత్రం మీద పని చేస్తున్నావో అదే అని అర్థం. కంపైలరు తాను కూర్చున్న ప్రాసెసరును పరీక్షించి, దానికి వచ్చిన ఆదేశాలన్నింటినీ నిస్సంకోచంగా వాడుతుంది.

ప్రాసెసర్లకు ఏళ్ళు గడిచేకొద్దీ కొత్త ఆదేశాలు చేరుతూ వచ్చాయి. 64 బిట్ల ఎక్స్86 ప్రాసెసర్లు 2003లో ఏఎండీ వారి ఆప్టెరాన్‌తో మొదలయ్యాయి. వాటన్నింటికీ ఎస్ఎస్ఈ 2 అనే ఆదేశాల వరస తెలుసు. అందులో ఒక్క ఆదేశంతో రెండు దశాంశ సంఖ్యల మీద ఒకేసారి లెక్క చేయవచ్చు. 2011లో వచ్చిన ప్రాసెసర్లలో ఏవీఎక్స్ అనే వరస చేరింది. ఒకేసారి నాలుగు సంఖ్యలు. తట్టలో రెండేసి ఇటుకలు మోసే చోట నాలుగేసి మోసినట్టు. 2013లో ఏవీఎక్స్ 2 వచ్చింది.

ఇందులో ఒక తమాషా ఉంది. ఏవీఎక్స్ వాడమన్నాక కంపైలరు నాలుగు సంఖ్యల దగ్గర మాత్రమే దాన్ని వాడి ఊరుకోదు. రెండు దశాంశ సంఖ్యల మామూలు గుణకారాన్ని కూడా కొత్త పద్ధతిలోనే రాస్తుంది. ప్రమాణాలు మార్చే ప్రోగ్రాం నిండా గుణకారాలూ భాగహారాలే గదా! 2008 నాటి ప్రాసెసరు వాటిలో మొదటిదాన్ని చదివింది. ఆ సంకేతానికి తన దగ్గర అర్థమే లేదు. లినక్స్‌కు ఫిర్యాదు చేసింది. లినక్స్ ప్రోగ్రాంను ఆపివేసి ఆ వరుస చూపించింది. "ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్" అంటే చెల్లని ఆదేశం, నాకు తెలియని మాట అని. చట్టంతో సంబంధం లేదు.

పాత ప్రాసెసరు మెల్లగా పనిచేసి ఉంటే నాకు అర్థమయ్యేదే కాదు. అది మెల్లగా చేయలేదు, అసలు చేయలేదు. కొన్ని ప్రోగ్రాములు ఇంకా మోసం చేస్తాయి. కొంతసేపు చక్కగా నడిచి, ఆ కొత్త ఆదేశం ఉన్న భాగానికి వచ్చినప్పుడే పడిపోతాయి. పది నిమిషాలు నడిపి చూసి "బాగుంది" అనుకోవటానికి లేదు.

మీ బడిలో లినక్స్ ఉంటే ఈ పరీక్ష చేయండి. టెర్మినల్ తెరిచి "ఎల్ ఎస్ సీ పీ యూ" అనే అయిదు అక్షరాలు చిన్నబడిలో, ఖాళీలు లేకుండా కొట్టండి. ప్రాసెసరు జాతకం అంతా వస్తుంది. అందులో "ఫ్లాగ్స్" అన్న వరుసలో పొట్టి మాటలు బారులు తీరి ఉంటాయి. ఎస్ఎస్ఈ 2 ఉందా? ఏవీఎక్స్ ఉందా? మా పాత ఆరింటిలోనూ ఏవీఎక్స్ అన్న మాట లేదు. కొత్త నాలుగింటిలోనూ ఉంది. అమ్మాయి కనిపెట్టిన విభజనకు కారణం కళ్ళ ముందు దొరికింది.

రెండో పొరపాటు

రోగం తెలిసింది, మందు సులువు అనుకున్నాను. "మేక్" కమాండు మళ్ళీ ఇచ్చాను. ఈసారి ఆప్షన్లు హైఫను ఓ 2, హైఫను మార్చ్ ఈక్వల్ టు ఎక్స్86-64. అంటే 2003 నాటి నుంచి ఆ కుటుంబంలోని ప్రాసెసర్లన్నింటికీ తెలిసిన మాటలే వాడు అని. అర సెకనులో పని అయిపోయింది. పాత కంప్యూటరుకు తీసుకెళితే మళ్ళీ అదే వరుస: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్!

నాలుగున్నర అయింది. పిల్లల ముఖాలు వాడిపోయాయి. ఒక అబ్బాయి చార్టులు ఉన్నాయిగా, వాటితో సరిపెడదాం అన్నాడు. కాని అర సెకను అన్నది నన్ను వేధిస్తూనే ఉంది. మొదటిసారి తెర మీద వరుసలు జలజల పారాయి. రెండోసారి ఏమీ పారలేదే! వెనక్కు వెళ్ళి చూస్తే తెర మీద "చేయవలసినది ఏమీ లేదు" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంది. నేను చదవనే లేదు.

దీని వెనుక ఒక కథ ఉంది. "మేక్" అనే ఈ పనిముట్టును బెల్ ప్రయోగశాలలోనే స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో తయారు చేశాడు. అతని సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒకరోజు విసుగ్గా అతని గదికి వచ్చాడట. ప్రోగ్రాంలో తప్పు దిద్దాడు, కాని దిద్దిన ఫైలును మళ్ళీ కంపైలు చేయటం మరిచాడు. తప్పులేని ప్రోగ్రాంలో తప్పు వెతుకుతూ పూటంతా పాడుచేసుకున్నాడు. ఇలాంటి మరుపు మనిషికి వదలకుండా యంత్రానికి అప్పగిద్దామని పుట్టినదే మేక్. అది ప్రతి సోర్సు ఫైలు తేదీ, వేళ చూస్తుంది. దాని నుంచి తయారైన ఫైలు తేదీ, వేళ చూస్తుంది. సోర్సు కొత్తదయితే మళ్ళీ కంపైలు చేస్తుంది. లేకపోతే ముట్టుకోదు.

ఎంత తెలివైన ఏర్పాటో గమనించండి. వేల ఫైళ్ళున్న ప్రోగ్రాంలో ఒక్క ఫైలు దిద్దితే ఆ ఒక్కటే మళ్ళీ కంపైలు అవుతుంది. కాని నేను ఫైలును దిద్దలేదు, ఆప్షనును మార్చాను. ఆప్షను ఫైలులో లేదు గదా. నా నోటిలో ఉంది. ఫైళ్ళ వేళలు అలాగే ఉన్నాయి. కనుక మేక్ దృష్టిలో ఏదీ మారలేదు. జాన్సన్ గారికి పట్టిన గ్రహమే నలభై చిల్లర ఏళ్ళ తరువాత ఆయన కోసం పుట్టిన పనిముట్టు ద్వారానే నాకు పట్టింది!

అందుచేత ఆప్షను మార్చినప్పుడల్లా ముందు "మేక్ క్లీన్" అనాలి. పాత తయారీలన్నీ తుడుచుకుపోతాయి. తరువాత మేక్. ఈసారి తెర మీద వరుసలు పారాయి, ప్రతి వరుసలోనూ మేము ఇచ్చిన ఆప్షన్లు కనిపించాయి. అది చూడటం అలవాటు చేసుకోండి. చెప్పాను అనుకోవటం వేరు, చెప్పినది చేరిందని కళ్ళతో చూడటం వేరు.

అయిదుంబావుకు గదిలోకెల్లా పాతదైన కంప్యూటరు "యు హావ్" అని అడిగింది. 36 కిలోమీటర్లు, గంటకు అని కొట్టింది ఆ అమ్మాయి. "యు వాంట్" అంది. మీటర్లు, సెకనుకు. జవాబు 10. ఆ కేకలకు పక్క గదిలోని లెక్కల మాస్టారు పరుగెత్తుకొచ్చారు.

ఓ అక్షరం పక్కన అంకె

ఇంతకూ ఓ 2, ఓ 3 అంటే ఏమిటి? ఓ అన్నది ఆప్టిమైజేషను, అంటే మెరుగులు దిద్దటం. ఓ 0 అంటే మెరుగు వద్దు, రాసినది రాసినట్టు మార్చు అని. మీరు ఏమీ చెప్పకపోతే జీసీసీ చేసేది ఇదే. అంకె పెరిగేకొద్దీ కంపైలరు ఎక్కువ ఆలోచిస్తుంది. కంపైలు చేయటానికి ఎక్కువసేపు పడుతుంది.

ఒకటి నుంచి నూరు వరకూ సంఖ్యలు కూడే చిన్న ప్రోగ్రాం రాసి చూడండి. ఓ 0 అంటే ప్రాసెసరు నూరుసార్లు చుట్టు తిరిగి కూడుతుంది. ఓ 2 అంటే జీసీసీ ఆ కూడికను తానే ముందుగా చేసి, యంత్రభాషలో 5050 అనే సంఖ్యను రాసి పెడుతుంది. చుట్టు తిరగటమే ఉండదు. గౌస్ చిన్నప్పుడు పలక మీద జవాబు రాసి మాస్టారి బల్ల మీద పెట్టాడని చెప్పుకునే కథ మీకు తెలిసే ఉంటుంది. అది కథే కావచ్చు గాని, ఇది మీరే చేసి చూడవచ్చు. హైఫను పెద్ద ఎస్ ఇచ్చి కంపైలు చేస్తే యంత్రానికి ఇచ్చే ఆదేశాలు మనిషి చదివే రూపంలో వస్తాయి. వాటిలో 5050 వెతకండి.

ఓ 3 ఇంకా గట్టిగా ప్రయత్నిస్తుంది. పెద్ద పెద్ద లెక్కల ప్రోగ్రాములకు లాభం ఉండవచ్చు. ఒక్కోసారి ప్రోగ్రాం బరువెక్కి, లాభం కనబడదు కూడా. కిలోమీటర్లు మీటర్లుగా మార్చే ప్రోగ్రాంకు ఓ 3 దేనికి? రెప్ప వేసే లోపల జవాబు వచ్చేదానికి వేగం పెంచబోయి సగం రోజు పోగొట్టుకున్నాను.

హైఫను జీ అనేది మరొక ఆప్షను. ఏ ఆదేశం సోర్సులో ఏ వరుస నుంచి వచ్చిందో గుర్తులు చేర్చి పెడుతుంది. ఫైలు పెద్దదవుతుంది, వేగం తగ్గదు. తప్పు వెతికేటప్పుడు ఇది దారి దీపం.

ఇక్కడే ఇంకో గుంట ఉంది, జాగ్రత్త. కాన్ఫిగర్ అనే స్క్రిప్టు మీ కంప్యూటరులో ఏమేం ఉన్నాయో తడిమి చూసి మేక్‌కు జాబితా తయారు చేసి ఇస్తుంది. ఇలాంటి స్క్రిప్టులను తయారుచేసే ఆటోకాన్ఫ్‌ను డేవిడ్ మెకెంజీ 1991లో రాశాడు. మనం ఆప్షన్లు ఇవ్వకపోతే అది జీసీసీకి తనంతట తానే హైఫను జీ, హైఫను ఓ 2 పెడుతుంది. కాని సీఫ్లాగ్స్ అనే పేరుతో మనం ఏదైనా ఇస్తే, మనది దానికి చేర్చదు. తనది తీసేసి మనదే పెడుతుంది. మార్చ్ ఒక్కటే ఇచ్చారనుకోండి. ఓ 2 కాస్తా ఎగిరిపోయింది! వేగం కోసమని ఆప్షను ఇచ్చి, ఉన్న వేగం పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. ఇచ్చేటప్పుడు అన్నీ కలిపి ఇవ్వాలి.

లెక్కనే మార్చే ఆప్షను

ఇంతవరకూ చెప్పిన ఆప్షన్లతో, సరిగ్గా రాసిన ప్రోగ్రాం వేగం మారుతుంది, లేదా నడవటం మానేస్తుంది. జవాబు చెడగొట్టగలిగినదీ ఒకటి ఉంది. దాని పేరు ఫాస్ట్ మ్యాథ్.

కంప్యూటరు దశాంశ సంఖ్యలను పరిమితమైన చోటులో దాచుకుంటుంది. సుమారు 15, 16 అంకెల వరకే దానికి పట్టు. ఒకటి పక్కన 16 సున్నాలున్న సంఖ్య తీసుకోండి. అంత పెద్ద సంఖ్యల దగ్గర అది సరిసంఖ్యలను మాత్రమే గుర్తుంచుకోగలదు. ఆ సంఖ్యకు 1 కలపండి. బేసిసంఖ్య గనుక నిలవదు. కలిపిన 1 మాయమవుతుంది. ఇప్పుడు మొదటి పెద్ద సంఖ్యను తీసివేయండి. జవాబు 0. వరస మార్చి, పెద్ద సంఖ్యలో నుంచి అదే సంఖ్యను ముందు తీసివేసి, ఆ తరువాత 1 కలిపితే? జవాబు 1. కూడికలో వరస మారినా ఫలితం మారదని మేము తరగతిలో చెప్పిన సూత్రం ఇక్కడ చెల్లలేదు చూశారా!

అందుకే మామూలుగా జీసీసీ ఇలాంటి లెక్కల వరసను ముట్టుకోదు. ఫాస్ట్ మ్యాథ్ అంటే వరస నీ ఇష్టం అని అనుమతి ఇవ్వటం. విలియం కహాన్ అనే గణితవేత్త 1965లో ఒక ఉపాయం ప్రకటించాడు. పొడుగాటి కూడికలో ప్రతి అడుగునా జారిపోయే చిల్లరను విడిగా పట్టుకుని మళ్ళీ చేర్చే పద్ధతి. ఫాస్ట్ మ్యాథ్ ఇస్తే కంపైలరు బీజగణితం చేసి, "ఈ చిల్లర ఎప్పుడూ సున్నాయే గదా" అని ఆ ఉపాయాన్నే కొట్టిపారేయగలదు. ఆటలోని బొమ్మ అర పిక్సెల్ జరిగితే నష్టం లేదు. ప్రమాణాలు మార్చే ప్రోగ్రాంకు మాత్రం ఆ ఆప్షను నేను ఇవ్వను. ఓ 3 కూడా దాన్ని తనంతట పెట్టదు. ఓ ఫాస్ట్ అనేది పెడుతుంది.

లినక్స్ పంపిణీలు వేల ప్యాకేజీలు కంపైలు చేసి ప్రపంచమంతటికీ పంపుతాయి. అవి నేటివ్ అని పెడితే ఎంత గొడవో ఊహించండి. కనుక కుటుంబంలో అందరికీ తెలిసిన కనీస మాటలు ఏవో నిర్ణయించుకుంటాయి. డెబియన్ 64 బిట్ కూర్పు ఇప్పటికీ 2003 నాటి మాటలనే ఆధారం చేసుకుంది. రెడ్ హ్యాట్ వారి ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, 2022లో ఆ గీతను పైకి జరిపింది. మా కోర్ 2 డ్యువోలు ఆ గీతకు కింద ఉండిపోయాయి. 2025లో వచ్చిన 10వ కూర్పుకు ఏవీఎక్స్ 2 ఉండాలి. పెద్ద కంపెనీల సర్వర్లకు అది న్యాయమే. కాని చక్కగా పనిచేస్తున్న కంప్యూటరు ఏ భాగమూ చెడిపోకుండానే, ఎక్కడో ఒకరు ఒక ఆప్షను మార్చినందువల్ల మూలకు చేరవచ్చు. మాలాంటి బడులకు అవే పెద్ద ఆస్తి.

నేటివ్ చెడ్డదని మాత్రం అనుకోకండి. జెంటూ అనే లినక్స్ వాడేవారు ప్యాకేజీలను ఎక్కువగా తమ యంత్రంలోనే కంపైలు చేసుకుంటారు. ఆప్షన్లన్నీ ఒకే ఫైలులో రాసి పెట్టుకుంటారు. వండిన ఇంట్లోనే తింటున్నప్పుడు నేటివ్ హాయిగా వాడవచ్చు. కొత్త ఆదేశాలు వద్దు గాని, ఉన్నవాటినే కొత్త ప్రాసెసరుకు నచ్చే వరసలో పేర్చు అనాలంటే "ఎం ట్యూన్" ఉంది. అలా చేసినది పాతవాటిలోనూ నడుస్తుంది. డెబియన్ సోర్సు ప్యాకేజీని వారి పద్ధతిలో కట్టేవారు ఆప్షన్లను మేక్‌కు కాకుండా ఆ పనిముట్టుకు చెప్పాలి. అది మొదలుపెట్టేటప్పుడే పాతదాన్ని తుడిచేస్తుంది గనుక నా రెండో పొరపాటుకు అక్కడ తావు లేదు.

మర్నాడు సైన్సు దినోత్సవంలో పది కంప్యూటర్లూ నడిచాయి. మా ఆప్షన్ల వరుసను పిల్లలు అట్టముక్క మీద రాసి గోడకు తగిలించారు. దాని కింద ఆ తొమ్మిదో తరగతి అమ్మాయి చిన్న అక్షరాలతో ఒక ప్రశ్న రాసింది: "ఏ ఆప్షనూ ఇవ్వకుండా వట్టి కాన్ఫిగర్, మేక్ అని ఉంటే ఏమయ్యేది సార్?" నేను దిద్దకుండా అలాగే ఉంచాను. పైన చెప్పినదంతా మరొకసారి చదివితే జవాబు మీకే దొరుకుతుంది.